బావి ఈత నుంచి ట్రయాత్లాన్ దాకా: తిరుపతిలో ఉంటూ ఎలా తయారవ్వాలి

బావిలో ఈత కొట్టాం, బడికి సైకిల్ తొక్కాం, కుక్క తరిమితే పరిగెత్తాం. మూడూ వచ్చినట్టే కదా, ట్రయాత్లాన్ అంటే ఇంకేముంది? మన చిత్తూరు వైపు పల్లెల్లో పెరిగిన వాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటారు, నేనూ అలాగే దిగాను. మూడూ విడివిడిగా రావడం వేరు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఆగకుండా, ఎండలో చేసి గీత దాటడం వేరు. ఈ రెండోదానికి తిరుపతిలోనే ఉండి, ఉద్యోగం చేసుకుంటూ ఎలా సిద్ధం కావాలో చెబుతాను.

ముందు దూరం ఎంచుకోండి. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. ఒలింపిక్ దూరం సరిగ్గా దానికి రెట్టింపు: 1.5, 40, 10. దాని పైది 70.3. మొత్తం దూరాన్ని మైళ్లలో లెక్కేస్తే వచ్చే అంకె అది, మన లెక్కలో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు. 2019లో గోవాలో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 వల్ల మన దక్షిణాది వాళ్లకు ఇదే పెద్ద మోజయింది. మొదటి ఏడాదే దానికి డబ్బు కట్టేయకండి. ఒక స్ప్రింట్, వీలైతే ఒక ఒలింపిక్ పూర్తి చేశాక కట్టండి. వారానికి నాలుగైదు గంటలు తీయగలిగితే స్ప్రింట్‌కు పన్నెండు వారాలు సరిపోతాయి, ఈత ఇప్పటికే వచ్చి ఉంటే. రాకపోతే ముందు మూడు నెలలు ఈతకే ఇచ్చి, ఆ తర్వాత లెక్క మొదలుపెట్టండి.

ఈత: బావిలో నేర్చింది మరచిపోవాలి

మా తాత నా నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి బావిలోకి తోశాడు. మూడో రోజుకు బుర్రలు విప్పేశారు, ఈత వచ్చేసింది. ఆ ఈతలో తల ఎప్పుడూ నీళ్ల పైనే. బావిలో అది బాగానే ఉంటుంది, ఇటు నుంచి అటు పది బారలే కదా. కొలనులో 200 మీటర్లు అలా కొట్టి చూడండి, మెడ పట్టేస్తుంది, ఊపిరి అందదు. కారణం సూటిగా ఉంది. తల లేస్తే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. దిగిన కాళ్లను లాక్కుంటూ పోవాలి, అంటే లంగరు వేసుకుని పడవ నడిపినట్టు.

అందుకే మొదటి రెండు వారాలు దూరం గురించి ఆలోచించకండి. కొలను గోడ పట్టుకుని ముఖం నీళ్లలో ముంచి ముక్కుతో, నోటితో బుడగలు వదలండి. ఊపిరి పూర్తిగా నీళ్లలోనే వదిలేయాలి, ముఖం పక్కకు తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే మిగలాలి. నూటికి తొంభై మందికి ఆయాసం వచ్చేది ఊపిరి అందక కాదు, లోపల ఉన్నది వదలక. తర్వాత గోడను తన్ని, చేతులు ముందుకు చాచి, అడుగున ఉన్న నల్ల గీతను నేరుగా చూస్తూ తేలండి. నడుము పైకి వచ్చిందని వీపుకు గాలి తగిలి తెలుస్తుంది. ఆ తేలిక ఒకసారి తెలిశాక చేతులు కలపండి. కాళ్లు ఎక్కువ కొట్టకండి, వాటితో తర్వాత చాలా పని ఉంది.

మూడో వారం నుంచి 50 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు, మధ్యలో ఇరవై సెకన్లు ఆగుతూ. అది సుఖంగా వచ్చాక 100 చొప్పున ఎనిమిది, తర్వాత పది. ఏకబిగిన 1,000 మీటర్లు కొట్టగలిగితే స్ప్రింట్ ఈత గురించి దిగులు పడక్కర్లేదు. ప్రతి 25 మీటర్లకు ఎన్ని చేతులు వేస్తున్నారో లెక్కపెట్టుకోండి. నాది 28తో మొదలై నాలుగు నెలలకు 21 అయింది. వేగం కంటే ముందు ఆ అంకె తగ్గాలి.

తిరుపతిలో మనకున్న అసలు లోటు సముద్రం. కొలనులో గీత చూసి సూటిగా పోతాం, సముద్రంలో గీత ఎవరు గీస్తారు? ఖాళీగా ఉన్న వరసలో కళ్లు మూసుకుని ఆరు చేతులు వేసి కళ్లు తెరవండి. ఏ పక్కకు వాలిపోతున్నారో అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాత ఆరేడు చేతులకోసారి మొసలి నీళ్లలోంచి చూసినట్టు కళ్లు మాత్రమే పైకి తెచ్చి ముందు చూసి, వెంటనే పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం సాధన చేయండి. కొలను చివర ఒక నీళ్ల సీసా పెట్టుకుని అదే గురి అనుకోండి. పందేనికి ముందు రెండు సార్లయినా చెన్నై దాకా వెళ్లి, అక్కడి సముద్రం తెలిసిన ఈతగాళ్ల గుంపుతో, నడుముకు నీళ్ల మీద తేలే నారింజ రంగు బుడగ కట్టుకుని దిగండి. ఒంటరిగా మాత్రం వద్దు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా కాసేపు పోతే దాని పట్టు వదులుతుంది.

ఇంత దూరం ఎందుకని కల్యాణి డ్యామ్‌లోనో, పాడుబడిన క్వారీ గుంతలోనో దిగుదామనే వాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు. వాళ్ల మాట వినకండి. అడుగున ఏముందో తెలియని నీళ్లవి.

సైకిల్: కొనేది తక్కువ, కూర్చునేది ఎక్కువ

లక్షల సైకిల్ అక్కర్లేదు. మీ ఎత్తుకు సరిపోయే ఫ్రేమ్, సన్న టైర్లు, సరిగ్గా పట్టే బ్రేకులు ఉన్న మామూలు రోడ్డు సైకిల్ చాలు. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే మోకాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాళ్ల నొప్పులని వచ్చే కొత్తవాళ్లలో చాలామందిది సీటు కిందికి ఉండటమే.

తొక్కేది తేలిక గేరులో, నిమిషానికి 80 నుంచి 90 చుట్లు. బరువు గేరు వేసి కసిగా తొక్కితే ఆ క్షణానికి బాగుంటుంది, బాకీ పరుగులో వసూలవుతుంది.

దారుల సంగతి. వారం మధ్యలో గంట సమయం ఉంటే చంద్రగిరి మీదుగా శ్రీనివాసమంగాపురం, అక్కడి నుంచి శ్రీవారి మెట్టు దారి దాకా వెళ్లి రండి. ఆదివారం ఎక్కువ దూరానికి పూతలపట్టు రోడ్డు పట్టుకుని గాదంకి వైపు పోవచ్చు. దిబ్బలూ పల్లాలూ వస్తుంటాయి, కాళ్లకు మంచిది. బొత్తిగా చదును కావాలంటే రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి దారి ఉంది, కానీ లారీలు ఎక్కువ. అంచున ఉన్న తెల్ల గీతకు అతుక్కుపోకుండా ఒక అడుగు లోపలే తొక్కండి, లేకపోతే ప్రతి లారీ మిమ్మల్ని రాసుకుంటూ పోతుంది. తిరుమల ఘాట్ రోడ్డును మాత్రం సాధన మైదానంగా చూడకండి. మలుపు మలుపుకూ బస్సులు, భక్తులు. అది వాళ్ల దారి.

తెల్లవారుజామున బయల్దేరితే ముందూ వెనకా లైట్లు తప్పనిసరి. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు సగం నుంచి అక్టోబరు సగం దాకా, తమిళనాడు నుంచి పసుపు బట్టల వాళ్లు గుంపులు గుంపులుగా నడిచి వస్తుంటారు. ఒకసారి నాలుగున్నరకు చంద్రగిరి దాటగానే చీకట్లో నా లైటు వెలుగులోకి ఉన్నట్టుండి పదిహేను మంది వీపులు కనిపించాయి. గట్టిగా బ్రేకు పట్టాను. అందరికన్నా వెనక ఉన్న ముసలామె ఉలిక్కిపడి, తిట్టాల్సింది పోయి "గోవిందా" అంది. ఆ తర్వాత వారమే హ్యాండిల్‌కు గంట బిగించుకున్నాను, యాభై రూపాయల గంట. రేసు సైకిల్‌కు గంటేమిటని నవ్వే వాళ్లు నవ్వనీ.

మన రోడ్ల అంచుల్లో కంపముళ్లు ఎక్కువ. రెండు ట్యూబులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు రెండు, చిన్న పంపు ఎప్పుడూ వెంట ఉండాలి. ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు వేళ్లతో మెల్లగా తడమండి. ముల్లు ఇంకా అందులోనే ఉంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేసి, రెండు కిలోమీటర్లకే మళ్లీ దిగినవాడిని నేను.

పరుగు, ఆ వెంటనే ఇటుక

పరుగుకు విశ్వవిద్యాలయం ఆవరణ, జూపార్కు రోడ్డు ఉన్నాయి. చెట్ల నీడ ఉన్న చోట మొదలుపెట్టండి. వారానికి రెండు సార్లు చాలు, పక్కన పరిగెత్తేవాడితో మాట్లాడగలిగేంత వేగంతో. వారం వారం కొంచెం కొంచెం పెంచుతూ, నాలుగో వారం తగ్గించండి.

అలిపిరి మెట్లెక్కితే సాధన అవుతుందా అని అందరూ అడుగుతారు. 3,550 మెట్లు, ఊపిరికి గట్టి పనే. అయితే దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూ బరువు ఆపాలి, దానితో రెండు రోజులు కాళ్లు కదలవు. ఆ వారం సైకిల్, పరుగు రెండూ పోతాయి. చిరుతల భయంతో నడకదారిలో వేళల కట్టుబాట్లూ ఉంటాయి. మొక్కుంటే ఎక్కండి, దర్శనం చేసుకుని బస్సులో దిగండి, సాధన లెక్కలో మాత్రం వేసుకోకండి.

ఇక ఇటుక. సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తే సాధనను బ్రిక్ అంటారు. ఆ పేరు ఎందుకు వచ్చిందని అడిగేవాళ్లు ఒక్కసారి చేస్తే చాలు, తొడల్లో ఇటుకలు పేర్చినట్టే ఉంటుంది. గంటసేపు గుండ్రంగా తిరగడానికి అలవాటుపడ్డ కాళ్లు నేల మీద అడుగెలా వేయాలో మరచిపోతాయి. ఆ తిమ్మిరి పది నిమిషాల్లో పోతుందని శరీరానికి ముందే తెలియాలి. ఆదివారం సైకిల్ అయ్యాక గేటు లోపల సైకిల్ ఆనించి, బూట్లు మార్చుకుని, ఇంట్లోకి వెళ్లకుండా పదిహేను నిమిషాలు పరిగెత్తండి. ఇంట్లోకి వెళ్తే కాఫీ వాసన వస్తుంది, అంతటితో సరి.

కడుపు, చెమట, ఉప్పు

అన్నిటికన్నా ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

మొదట మీ చెమట ఎంతో కొలవండి. బయల్దేరే ముందు ఒంటికి తక్కువ బట్టలతో బరువు చూసుకోండి, వచ్చాక చెమట తుడుచుకుని మళ్లీ చూడండి. మే నెలలో ఒక ఉదయం నేను 72.0 కిలోలతో వెళ్లి గంటన్నర తొక్కి 70.9తో వచ్చాను. మధ్యలో 750 మి.లీ. తాగాను. అంటే 1.1కు 0.75 కలిపితే 1.85 లీటర్లు పోయింది, గంటకు ఇంచుమించు లీటరుంబావు. నల్ల చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు, ఎండిన ఉప్పు మడిలా. పోయినదంతా తిరిగి తాగడం కడుపుకు సాధ్యం కాదు, అవసరమూ లేదు. గంటకు 600 నుంచి 800 మి.లీ. దగ్గర ఆపాను. మీ అంకె వేరు కావచ్చు. గంటల తరబడి ఉత్త నీళ్లే తాగుతూ పోవడం అన్నిటికన్నా ప్రమాదం. రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి.

కొనే పొడులు బాగానే ఉంటాయి, ధర తప్ప. ఇంట్లో చేసుకునేది ఇది: లీటరు నీళ్లు, 60 గ్రాముల చక్కెర, పావు టీస్పూను ఉప్పు, ఒక నిమ్మకాయ. ఆ ఉప్పులో దాదాపు 600 మి.గ్రా. సోడియం ఉంటుంది. చక్కెరను మొదటిసారి తూచి, అది మీ ఇంటి చెంచాతో ఎన్ని చెంచాలో గుర్తుపెట్టుకోండి. ఉప్పు మాత్రం కళ్లతో వేయకండి. ఒకసారి నేను అలా వేసిన సీసా చెరువు దాటేలోపు పారబోయాల్సి వచ్చింది.

గంట దాటిన శ్రమకు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఓ మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములు ఉంటుంది. ఖర్జూరాలు, మామిడి తాండ్ర ముక్కలు, బెల్లం ముక్క, ఇవన్నీ జేబులో పడతాయి, కడుపులో త్వరగా అరుగుతాయి. చెనిక్కాయల చిక్కీ నాకు ప్రాణం, కానీ నూనె ఉన్న గింజ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది. సాధనలో తినండి, పందెంలో వద్దు. సంగటి, ఉలవచారు మన బలమే, అందులో అనుమానం లేదు. కానీ పందేనికి ముందు రోజు పీచు ఎక్కువైతే మరునాడు దారిలో మరుగుదొడ్డి వెతుక్కోవాలి. ఆ రోజు రాత్రి ఏడింటికే కారం లేని పెరుగన్నం, ఉదయం పందేనికి రెండున్నర, మూడు గంటల ముందు నాలుగు ఇడ్లీలు కొంచెం చక్కెరతో. చట్నీ లేకుండా ఇడ్లీయా అంటారు, నాకూ బాధే.

ఎండకు శరీరం అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. వేడి ఊళ్లో పందెం ఉంటే చివరి మూడు వారాల్లో కొన్ని పరుగులు ఉదయం ఎనిమిది తర్వాత పెట్టుకోండి, చిన్నవి, నెమ్మదిగా. ఎండలో పరిగెడుతూ ఒళ్లు జలదరించి చలేసినట్టు అనిపించినా, మాట తడబడినా అక్కడే ఆగిపోండి. నీడలో కూర్చుని తల మీద, మెడ మీద నీళ్లు పోయించుకోండి. ఆ తర్వాత ఇంకో కిలోమీటరు చూద్దామనే ఆలోచన రానివ్వకండి.

వారం ఎలా ఉండాలి

సోమవారం సెలవు. మంగళ, గురు, శని ఈత. బుధవారం పరుగు. శుక్రవారం గంట సైకిల్, అందులో ఐదు నిమిషాల చొప్పున నాలుగు సార్లు గట్టిగా. ఆదివారం దూరం సైకిల్, వెంటనే ఇటుక. రెండో పరుగు శనివారం ఈత తర్వాత. ఏదైనా తప్పిపోతే మరునాడు రెండూ కలిపి చేయకండి, పోయింది పోయినట్టే. నవంబరు వానల్లో రోడ్లు మునిగితే సైకిల్ పక్కన పెట్టి ఈత పెంచుకోండి. చివరి రెండు వారాలు సాధన సగానికి తగ్గించండి. ఒళ్లు బద్ధకంగా, బరువుగా ఉన్నట్టు అనిపిస్తుంది. కంగారు పడి ఇంకో 40 కి.మీ. తొక్కి రాకండి.

మార్పిడి: మిద్దె మీద సాధన

ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారే సమయమూ గడియారంలో లెక్కే. తువాలు పరచండి. హ్యాండిల్ మీద హెల్మెట్ తిరగేసి, పట్టీలు విప్పి పెట్టండి. బూట్లలో కొంచెం పౌడరు చల్లి, లేసుల బదులు సాగే తాడు వేయండి. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి, సైకిల్ తిరిగి స్టాండుకు పెట్టాకే పట్టీ విప్పాలి. ఇది నియమం, తప్పితే శిక్ష పడుతుంది. నేను మిద్దె మీద బకెట్ నీళ్లు నెత్తిన పోసుకుని, తడి కాళ్లతో బూట్లు తొడుక్కుంటూ పది సార్లు చేశాను. ఫోన్‌లో సమయం చూడమంటే మా ఆవిడ, "ఏందబ్బా ఇది, బట్టలు మార్చుకునే పోటీనా?" అంది. నాలుగు నిమిషాల నుంచి నిమిషంన్నరకు వచ్చాక తనే ఇంకోసారి చేయమంది.

వేరే ఊరికి సైకిల్ పెట్టెలో తీసుకెళ్లాలంటే పెడళ్లు విప్పడం నేర్చుకోండి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. పానాను పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు తిప్పితే రెండూ వదులవుతాయని గుర్తుంచుకుంటే చాలు.

పందెం రోజు

ఈతలో ముందు వరసలో నిలబడకండి. పక్కగా, వెనకగా మొదలుపెట్టండి. మొదటి 200 మీటర్లలో ఎవరి కాలో ముఖానికి తగులుతుంది, గుండె దడదడలాడుతుంది. అందరికీ అంతే. వెల్లకిలా తిరిగి పది శ్వాసలు తీసుకోండి. కాపలా పడవను పట్టుకుని సేద తీరవచ్చు, దాన్ని పట్టుకుని ముందుకు పోకూడదు, అంతే.

సైకిల్ మీద మొదటి పావుగంట నెమ్మదిగా, ఆ తర్వాత తినడం మొదలుపెట్టండి. ముందువాడి గాలి చాటున తొక్కడం చాలా పందేల్లో నిషేధం, 70.3లో అయితే 12 మీటర్ల దూరం పాటించాలి. చెవుల్లో పాటలు పెట్టుకోకూడదు.

నా మొదటి ఒలింపిక్ దూరం పందెంలో సైకిల్ ఎక్కగానే వెనక గాలి దొరికింది. అది గాలి అనుకోలేదు, నా కాళ్ల బలమే అనుకున్నాను. ఇరవై కిలోమీటర్లలో ఎంతమందిని దాటానో లెక్కపెట్టుకుంటూ పోయాను, ముప్పై ఏడు మంది. మలుపు తిరిగాక అదే గాలి ఎదురొచ్చింది. పైగా పక్కన ఎవరో ఇచ్చిన, ఎప్పుడూ రుచి చూడని, శక్తి కోసం మింగే తీపి జెల్ ఒకటి మింగాను. పరుగు మూడో కిలోమీటరుకు పిక్కలు పట్టేసి, కడుపు తిప్పి, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. ఆ ముప్పై ఏడు మందీ ఒక్కొక్కరే దాటిపోయారు. చివర వచ్చిన అరవై ఏళ్ల పెద్దాయన మాత్రం ఆగి, తన సీసా నా చేతికిచ్చి, "మెల్లగా రా తమ్ముడూ, ఇంకా దూరముంది" అని సాగిపోయాడు. ఆయన అడుగు మొదటి కిలోమీటరులో ఎలా ఉందో అలాగే ఉంది.

అందుకే పరుగు మొదటి కిలోమీటరు మీకు సిగ్గనిపించేంత నెమ్మదిగా పోండి. సగం దాటాక ఇంకా మిగిలుంటే అప్పుడు పెంచండి. ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఒక గ్లాసు నోట్లోకి, ఒకటి నెత్తిన. బూట్లలోకి పోనివ్వకండి, బొబ్బలొస్తాయి.

గీత దాటాక ఫోటోలు, ఫోన్లు అయ్యాక ఇంకో పని ఉంది. సముద్రపు ఉప్పు, మీరు కార్చిన చెమట ఉప్పు సైకిల్ మీద ఉన్నాయి. ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, చైన్‌కు నూనె వేసి పెట్టెలో పెట్టండి. రేపు తిరుపతిలో కడుగుదాంలే అనుకుంటే చైన్ ఎర్రబడి ఉంటుంది.